సాల్వెంట్ ట్యాంక్ వెంట్ హెడర్‌కి ఏ కోడ్ పెట్టాలి?

స్పెక్_రాస్తున్నా:
ఏపీఐ 650 (స్టీల్ నిల్వ ట్యాంకుల కోడ్) ట్యాంకులు నాలుగు, డిజైన్ ప్రెజర్ 200 మి.మీ. వాటర్ కాలమ్, లోపల సాల్వెంట్, పైన నైట్రోజన్. నాలుగింటి వెంట్లూ (ఆవిరి బయటికి పోయే గొట్టాలు) ఒకే 6 అంగుళాల హెడర్‌లో, అంటే ఉమ్మడి పైపులో, కలిసి స్క్రబ్బర్‌కి (ఆవిరిని కడిగే పరికరానికి) వెళ్తాయి. ఈ పైపుకి ట్యాంక్ కోడే చాలా, ప్రాసెస్ పైపింగ్ కోడ్ బి31.3 పెట్టాలా? కార్బన్ స్టీలా, స్టెయిన్‌లెస్సా అన్నది కూడా చెప్పండి.

సైట్‌లో_పదేళ్లు:
కోడ్ సంగతి తర్వాత, ముందు ఆ హెడర్ వాలు చూసుకోండి. మా దగ్గర బీమ్ అడ్డొచ్చిందని పైపుని కిందికి దింపి మళ్లీ పైకి లేపారు. స్క్రబ్బర్ వైపు నుంచి వచ్చిన తేమ అక్కడ చేరి 300 మి.మీ. నీళ్లు నిలిచాయి. 200 మి.మీ. ట్యాంకుకి ఇక ఆ దారి మూసుకున్నట్టే కదా! ఎమర్జెన్సీ వెంట్ మూత లేచి వాసన కొడితే గానీ ఎవరికీ తెలియలేదు. అడుగున డ్రెయిన్ కూడా పెట్టలేదు, ఫ్లాంజ్ విప్పితే అర బకెట్ నీళ్లు, తుప్పు రంగులో.

స్ట్రెస్_22:
నేను 22 ఏళ్లుగా పైపింగ్ స్ట్రెస్ చేస్తున్నాను. 15 పిఎస్ఐ లోపు ఉంటే బి31.3 వర్తించదు, స్కోప్‌లోనే రాసి ఉంది. మంచి ఇంజనీరింగ్ ప్రాక్టీస్ అని రాసి వదిలేయండి.

పేజీ_తిప్పండి:
సార్, ఆ వాక్యం చివరిదాకా చదవండి. 15 పిఎస్ఐ, అంటే 105 కిలోపాస్కల్ లోపు ఉంటే సరిపోదు. లోపల పారేది మండనిది, విషం కానిది, ఒంటికి తగిలితే హాని చేయనిది అయి ఉండాలి, డిజైన్ ఉష్ణోగ్రత −29 నుంచి 186 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అన్నీ కుదిరితేనే మినహాయింపు. ఆయన అడిగింది సాల్వెంట్ ఆవిరి గురించి!

స్ట్రెస్_22:
సెక్షన్ 8 కూడా 15 దగ్గరే ఆగుతుంది. నాకు స్కోప్ నేర్పక్కర్లేదు.

పేజీ_తిప్పండి:
అది ప్రెజర్ వెసల్ కోడ్. రెండు పుస్తకాల్లో ఒకే అంకె ఉందని రెంటినీ కలిపేస్తే ఎలా? ఇలా కలిపేసిన స్పెక్ వల్లే ఒక ప్రాజెక్టులో మేం ఎప్పుడో వేసిన వెల్డ్స్‌కి మళ్లీ రేడియోగ్రఫీ (ఎక్స్‌రే లాంటి తనిఖీ) చేయించాం. మండే ఆవిరి కాబట్టి బి31.3లో ప్రమాదం లేని వాటికిచ్చే సులువు వర్గం కేటగిరీ డి కూడా కుదరదు, మామూలు వర్గం నార్మల్ ఫ్లూయిడ్ సర్వీసే, బట్ వెల్డ్స్‌లో కనీసం 5 శాతానికి రేడియోగ్రఫీ గానీ అల్ట్రాసోనిక్ గానీ. ఆ నెల రోజుల టెన్షన్ ఇంకా మర్చిపోలేదు.

ట్యాంక్_మనిషి:
ఏపీఐ 650 హద్దు నాజిల్ మొదటి ఫ్లాంజ్ ముఖం దగ్గరే అయిపోతుంది, బయటి పైపు దానిది కాదు. ఏపీఐ 2000 ట్యాంకు ఎంత గాలి పీల్చాలో, ఎంత వదలాలో చెబుతుంది, పైపు మందం చెప్పదు.

టెస్ట్_ప్యాక్:
ఏ కోడ్ పెట్టినా హైడ్రోటెస్ట్ (నీళ్లు నింపి చేసే ప్రెజర్ పరీక్ష) దగ్గర జాగ్రత్త. ట్యాంకు నుంచి విడదీయకుండా వెంట్ లైన్‌లో నీళ్లు నింపితే, రూఫ్ పైన 2 మీటర్ల పైపు ఉన్నా 2,000 మి.మీ. కాలమ్, మీ రూఫ్ డిజైన్‌కి పది రెట్లు. అందుకే స్పేడ్ (ఫ్లాంజ్‌ల మధ్య పైపుని మూసే పలక) వేస్తాం. ఆ స్పేడ్ తీయడం మర్చిపోయిన రోజు నేను అక్కడే ఉన్నాను. బ్లాంకెటింగ్ (పైన నింపే నైట్రోజన్) ఇంకా కనెక్ట్ కాలేదు, ట్రయల్‌కి నింపిన నీళ్లు పంప్‌తో లాగుతుంటే గాలి వచ్చే దారి లేక షెల్ పై వరస డబ్బా నొక్కినట్టు లోపలికి పోయింది. ఇప్పుడు నా స్పేడ్‌లన్నిటికీ ఎర్ర తోక, నంబరు ఉంటాయి, లిస్టు నా జేబులోనే.

స్ట్రెస్_22:
వాతావరణంలోకి తెరిచి ఉన్న వెంట్లకు ఆఖరి షటాఫ్ వాల్వ్ తర్వాత లీక్ టెస్టే అక్కర్లేదని అదే బి31.3 చెబుతుంది. అదీ చదవండి.

పేజీ_తిప్పండి:
అది నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఈ హెడర్ స్క్రబ్బర్‌లోకి పోతోంది, తెరిచి లేదు.

మంట_అడ్డు:
నాలుగు ట్యాంకులు ఒకే పైపులో కలిపారు, మంట ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకితే? హైడ్రోకార్బన్ ఆవిరైతే ఇన్‌లైన్ డిఫ్లగ్రేషన్ అరెస్టర్‌కి (పైపులో మంటని ఆపే పరికరానికి) మంట పుట్టే చోటు నుంచి పైపు పొడవు సాధారణంగా వ్యాసానికి 50 రెట్లు దాటకూడదు. 6 అంగుళాలకి 7.5 మీటర్లే. దాటితే డిటోనేషన్ అరెస్టర్ (పేలుడు వేగంతో వచ్చే మంటనీ ఆపేది) కావాలి.

స్పెక్_రాస్తున్నా:
మాది 40 మీటర్లు. బి31.3, నార్మల్ ఫ్లూయిడ్ సర్వీస్ అని రాశాను, లో పాయింట్ డ్రెయిన్ కూడా చేర్చాను. అరెస్టర్ అసలు లెక్కలోనే లేదు, రేపు ప్రాసెస్ వాళ్లతో కూర్చోవాలి. మెటీరియల్ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు...

సైట్‌లో_పదేళ్లు:
స్క్రబ్బర్‌లో ఏం వాడుతున్నారో చెప్పండి, కాస్టిక్కా, ఉత్త నీళ్లా?