ప్రాణమున్న కీచురాళ్లను వేయడానికి చెయ్యి రావడం లేదు

ప్రశ్న (పాలకొల్లు నుంచి)
మా అబ్బాయి పట్టుబట్టడంతో నెల క్రితం ఒక బియర్డెడ్ డ్రాగన్ పిల్లను తెచ్చుకున్నాం. ఇది ఆస్ట్రేలియా దేశపు తొండ అనీ, చిన్న వయసులో దీనికి ముఖ్యమైన ఆహారం పురుగులేననీ తెలిసే తెచ్చాం. అయినా డబ్బా మూత తీయగానే కీచురాళ్లు మీసాలాడిస్తూ కోడిగుడ్ల అట్ట కిందికి దూరుతుంటే నా చెయ్యి ఆగిపోతోంది. నిన్న ఒకటి కాలు తెగి, గాజు తొట్టె మూలన చాలాసేపు కొట్టుకుంది. రోజూ చేపల పులుసు తినే ఇంట్లో ఈ బాధేమిటని మావారు నవ్వుతున్నారు. మీరెలా అలవాటుపడ్డారో చెప్పగలరా?

జవాబు (రాజోలు నుంచి)
నవ్వవలసిన విషయం కాదండీ. దమ్ము చేసే ట్రాక్టరు వెనక కొంగలు పురుగులను ఏరుకుంటుంటే మనకేమీ అనిపించదు, ఎందుకంటే అక్కడ పురుగుకు పారిపోయే దారి ఉంటుంది. తొట్టెలో ఆ దారిని మూసింది మనమే. అందుకని నేను రెండు మూడింటిని మాత్రమే వేసి, అవి అయ్యాకే మళ్లీ వేస్తాను. తొండ రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్ద పురుగును వేయకండి, ఒక్క పట్టుకే పని అయిపోతుంది. మిగిలినవాటిని రాత్రికి తీసేయాలి. ఆకలేస్తే అవే నిద్రపోతున్న తొండను కొరుకుతాయి.

జవాబు (అమలాపురం నుంచి)
నేను కొన్నాళ్లు ఎండబెట్టిన పురుగులతో సరిపెట్టాలని చూశాను కానీ, కదలనిదాన్ని మాది పట్టించుకోలేదు. చివరికి కీచురాళ్లను కూడా పెంపుడు ప్రాణులుగానే చూసుకోవడం మొదలుపెట్టాక కాస్త కుదుటపడ్డాను: వేసే ముందురోజు వాటికి క్యారెట్ ముక్కలు, మునగాకు పెడతాను. వాటి ఒంట్లో కాల్షియం తక్కువ, భాస్వరం ఎక్కువ కనుక కాల్షియం పొడి అద్దకపోతే తొండ ఎముకలు మెత్తబడతాయి. డబ్బు కలిసొస్తుందని వరిచేలో పట్టినవి మాత్రం వేయకండి, వాటిపై పురుగుమందు ఉండవచ్చు. మిణుగురులైతే ఈ జాతికి విషమే, ఒక్కటి తిన్నా ప్రాణం పోవచ్చు. పెద్దదయ్యేకొద్దీ ఆకుకూరల వంతు పెంచి పురుగులను తగ్గించాలి, కాబట్టి మీకు ఈ పని ఎల్లకాలం ఇంతగా ఉండదు.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలండీ. ఈ ఉదయం చిన్నవి చూసి మూడే వేశాను. మూడోది అట్ట అంచున ఒక్క క్షణం ఆగింది, నేనూ ఆగాను; అంతలోనే అయిపోయింది. సాయంత్రానికి మునగాకు కోయించి పెట్టాను.