పొద్దంతా ఉరుకులాటే, పది నిమిషాల్లో ఒళ్ళూ మనసూ తేలికపడే పద్ధతి చెప్పండి

కాజీపేట_టీచరమ్మ

అందరికీ నమస్తే. పొద్దున ఐదింటికి లేస్తే టిఫిన్లు, బాక్సులు, పిల్లల బస్సు. తొమ్మిదింటికల్లా స్కూల్లో ఉండాలి. సాయంత్రం వంట, హోంవర్కు, రేపటి పాఠం. పడుకునేసరికి పదిన్నర దాటుతుంది. మెడ, భుజాలు బిగుసుకుపోతున్నాయి, చిన్నదానికే పిల్లల మీద అరుపు, పక్క మీద చేరినా నిద్ర రాదు. జిమ్ము, క్లాసులు కుదరవు. పది నిమిషాలకు మించి దొరకదు. "టెన్షన్ పడకు" అనే మాట కాకుండా ఏం చేయాలో, ఎలా చేయాలో చెప్పగలరు.

వడ్డేపల్లి_యోగా

టీచరమ్మా, పది నిమిషాలు ఒక్కచోట వెతకొద్దు. మూడు చోట్ల మూడేసి నిమిషాలు మేలు. ఎందుకంటే పొద్దటి నుంచి పేరుకున్న బిగువు రాత్రి ఒక్కసారి దించుదామంటే దిగదు.

గాలి పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నిదానంగా కొట్టుకుంటుంది. కాబట్టి వదిలే శ్వాసే పొడవుగా ఉండాలి. ముక్కుతో 4 లెక్కపెడుతూ పీల్చండి, ముక్కుతోనే 6 లెక్కపెడుతూ వదలండి. లెక్క సెకనుకొకటి చొప్పున సాగితే నిమిషానికి 6 శ్వాసలు వస్తాయి. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి బొడ్డు మీద పెట్టుకుంటే బొడ్డు మీది చెయ్యే లేవాలి. చీర కట్టుకున్నవాళ్ళకు ఇక్కడే అడ్డు వస్తుంది. లంగా బొందు బిగుతుగా ఉంటే పొట్ట కదలదు, శ్వాస ఛాతీలోనే ఆగిపోతుంది. కాస్త వదులు చేసుకోండి.

ఎక్కువమంది పొరబడేది ఒక్కచోట: ఇదంటే బలంగా, నిండుగా గాలి లాగడం అనుకుంటారు. అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్ళ కొసలు, పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతుంది. పీల్చేది మామూలు గాలే, నిదానం ఒక్కటే కొత్త. 4–6 కష్టమనిపిస్తే మొదటి వారం 3–4 తో మొదలుపెట్టండి. ఊపిరి బిగపట్టొద్దు, గర్భిణులు, బీపీ ఉన్నవాళ్ళు అసలే వద్దు.

వేళ గుర్తుపెట్టుకోవడం కాదు, రోజూ చేసే పనికి ముడిపెట్టండి. స్కూటీ తాళం తిప్పే ముందు, లంచ్ బెల్ కొట్టగానే, సాయంత్రం ఇంటి ముందు చెప్పులు విడిచే ముందు. ఆఖరిది మాత్రం వదలొద్దు. పిల్లల మీద అరుపు మొదలయ్యేది ఇంట్లో అడుగుపెట్టిన మొదటి కాసేపట్లోనే.

ఫిజియో_సుబేదారి

నిద్రకూ భుజాలకూ కలిపి ఒకటి చెబుతా. అమెరికా డాక్టరు ఎడ్మండ్ జాకబ్సన్ దాదాపు వందేళ్ళ కిందట తీర్చిన పద్ధతి ఇది. పక్క మీద పడుకుని పిడికిళ్ళు, భుజాలు, ముఖం, పొట్ట, తొడలు, పిక్కలు ఇదే వరుసలో ఒక్కోటి 5 సెకన్లు బిగించి, 20 సెకన్లు పూర్తిగా వదిలేయాలి. ఒక్కోటి రెండుసార్లు. మొత్తం ఐదు నిమిషాలు. బలమంతా పెట్టొద్దు, సగం చాలు. పిక్కల దగ్గర కాలివేళ్ళు మీ వైపుకు వంచండి, అటువైపు చాపితే కండ పట్టేస్తుంది.

వంటగదిలో గట్టు కూడా చూసుకోండి. కూరగాయలు తరిగే ఎత్తు మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందుండాలి. గట్టు ఎత్తుగా ఉంటే తరిగినంతసేపూ భుజాలు పైకి లేచే ఉంటాయి. బల్ల దగ్గర కూర్చుని తరగండి. పిల్లల నోటుపుస్తకాల సంచి ఒక్క భుజానికే వేలాడదీయొద్దు. చేతిలోకి తిమ్మిరి దిగుతుంటే వ్యాయామాలు ఆపి డాక్టరుకు చూపించండి.

పొయ్యికాడి_ముచ్చట

అక్కా, ఊపిరి పీల్చుడు మంచిదే గని పని తగ్గకుంటే రేపు మళ్ళ గదే బిగువు. సగం అలసట "ఇయ్యాల ఏం వండాలె" అని రోజూ ఆలోచించుడుతోటే వస్తది. వారం మొత్తం కూరలు ఒక్క కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటియ్యి. అందుల రెండు రోజులు పచ్చిపులుసు పెట్టు, పులుసుకు పొయ్యి ముట్టియ్యాల్సిన పనే లేదు. కుక్కర్ల పప్పు ఉడికేలోపు అదైపోతది.

ఆదివారం ఒక్క గంట తీసుకో. ఎల్లిగడ్డ 250 గ్రాములు, అల్లం 200 గ్రాములు, ఒక చెంచ ఉప్పు, రెండు చెంచల నూనె, నీళ్ళు చుక్క పోయకుండ నూరి సీసల పెట్టి ఫ్రిజ్‌ల ఉంచు, వారం ఉంటది. నీళ్ళు పోస్తే, తడి చెంచ పెడితే తొందరగ పాడైతది. బయట అస్సలు ఉంచకు. చింతపండు 100 గ్రాములు వేడినీళ్ళల్ల నానబెట్టి, పిసికి వడగట్టి, చిక్కగ మరిగిచ్చి చల్లారినంక పెట్టు. ఆకుకూరలు ఏరి, కడగకుండనే పాత నూలుబట్టల చుట్టి పెట్టు. కడిగి పెడితే కుళ్ళుతయి.

ఇంకొకటి, ఇది ముఖ్యం. ఇంటాయనను "జర సాయం చెయ్యి" అని అడగకు. ఒక పని పూర్తిగ అప్పజెప్పు. బాక్సులు ఆయనవంటే కూర తెచ్చుడు, సర్దుడు, సాయంత్రం బాక్సులు కడుగుడు మొత్తం ఆయనయే. సగం అప్పజెప్తే గుర్తుచేసే పని మళ్ళ నీదే అయితది. చేసినంక ఎన్కనుంచి పోయి మళ్ళ సర్దకు.

ఎంజీఎం_సిస్టర్

ఒక మాట. అలసట, చిరాకు, నిద్రలేమి అన్నీ టెన్షన్ వల్లే అనుకోవద్దు. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), విటమిన్ బీ12 ఒకసారి చూపించుకోండి. గర్భిణులు కాని స్త్రీలలో హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. మెట్లెక్కితే ఆయాసం, నెలసరిలో గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి రావడం ఉంటే ఆలస్యం చేయొద్దు. రక్తం తక్కువైతే ఏ ప్రాణాయామమూ ఆ అలసట తీర్చదు. అన్నంతో పాటు చాయ్ తాగితే తిండిలోని ఇనుము సరిగా ఒంటికి పట్టదు, గంట ఎడం ఉంచండి. నిద్ర పట్టనివాళ్ళు నాలుగు దాటాక చాయ్, కాఫీ మానాలి, కెఫిన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది.

రెండు వారాలైనా ఏ పని మీదా మనసు పోకపోతే, ఊరికే ఏడుపొస్తుంటే మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. బతకాలని లేదనిపిస్తే రెండు వారాలు ఆగొద్దు, వెంటనే చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి.

కాజీపేట_టీచరమ్మ

అందరికీ చాలా థాంక్స్. పరీక్షలు ఈ శనివారమే చేయించుకుంటా. ఆదివారం నడుద్దామంటే ఎంతసేపు, ఏ వేగంతో?

వడ్డేపల్లి_యోగా

మొదట 20 నిమిషాలు చాలు. పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట పాడటానికి మాత్రం ఊపిరి చాలకూడదు, అదే సరైన వేగం. మీకు వడ్డేపల్లి చెరువు కట్ట దగ్గర, వరంగల్ వైపు వాళ్ళకు భద్రకాళి బండ్. ఫోను సంచిలో వేసి చేతులు ఊపుతూ నడవండి, భుజాలు వాటంతటవే వదులవుతాయి. మే నెలలోనైతే ఆరున్నరలోపే ముగించేయండి.