కాన్పూర్‌లో విరగ్గొట్టి వదిలేసిన లిబరేటర్ బాంబర్లు మళ్లీ ఎలా ఎగిరాయి?

గోదారిగట్టు (ప్రశ్న):
రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటిష్ వాయుసేన తన బి-24 లిబరేటర్ బాంబర్లను కాన్పూర్‌లో పనికిరాకుండా చేసి వదిలేసిందనీ, బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ వాటినే బాగుచేసి మన వాయుసేనకు అందించిందనీ చదివాను. నిక్షేపంలాంటి విమానాలను సొంత సైన్యమే ఎందుకు పాడుచేసింది? పాడైన నాలుగు ఇంజన్ల బాంబరును మళ్లీ గాలిలోకి లేపడం ఎలా సాధ్యమైంది? వాటిలో ఏ ఒక్కదాని చరిత్రైనా మొదటినుంచి తెలిసినవారు వివరించగలరు.

పాతరెక్కలు:
కె.హెచ్.191 అనే విమానం చరిత్ర బాగానే నమోదైంది కనుక దానితోనే మొదలుపెడతాను. 1944 ఆగస్టులో అమెరికాలోని ఫోర్ట్ వర్త్ కర్మాగారంలో తయారై, యుద్ధకాలంలో అమెరికా మిత్రదేశాలకు ఆయుధాలు అరువిచ్చిన లెండ్-లీజ్ ఒప్పందం కింద బ్రిటిష్ వాయుసేన చేతికి వచ్చి, బర్మా రంగంలో పనిచేసింది. తూర్పున లిబరేటర్లకే ఎక్కువ గిరాకీ ఉండడానికి కారణం దూరం. 1944 అక్టోబరులో బ్రిటిష్ వాయుసేన 159వ స్క్వాడ్రన్‌కు (విమాన దళానికి) చెందిన 15 లిబరేటర్లు బెంగాల్‌లోని దిగ్రి నుంచి బయలుదేరి, జపాన్ ఆక్రమణలో ఉన్న మలయాలోని పెనాంగ్ రేవులో నీటి మందుపాతరలు వదిలి తిరిగివచ్చాయి. రానుపోను సుమారు 3,000 మైళ్లు. అంతకు రెండేళ్ల ముందు, 1942లో, విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడినప్పుడు ఇటువైపు నుంచి అంత దూరం వెళ్లి బదులు చెప్పగల బలం దాదాపు లేదని గుర్తుంచుకుంటే ఆ ప్రయాణం విలువ తెలుస్తుంది.

ఇక మీ మొదటి సందేహం. లెండ్-లీజ్ సొత్తు అరువు సొత్తు. యుద్ధం అయ్యాక దాన్ని వెనక్కి ఇవ్వాలి, కొనుక్కోవాలి, లేదా వాడకానికి వీల్లేకుండా చేయాలి. సముద్రాలు దాటించి తిరిగి పంపితే అమెరికాకూ ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే అక్కడ మొత్తం 18,000కు పైగా లిబరేటర్లు తయారయ్యాయి. అందువల్ల కాన్పూర్‌లో వాటిని బద్దలుకొట్టి వదిలేశారు.

స్పానర్_పట్టినవాడు:
రెండో ప్రశ్నకు నేను జవాబిస్తాను. గునపాలతో పొడిచారని, ఇంజన్లలో ఇసుక పోశారని, పరికరాల పలకలు పగలగొట్టారని రకరకాలుగా చెబుతారు. వీటన్నిటినీ ప్రతి విమానానికీ అంటగట్టకూడదు. మనుషులు చేత్తో చేసే విధ్వంసం ఎప్పుడూ ఒకే చోట పడదు: ఒకదానికి తోక చితికితే మరొకదానికి ముక్కుచక్రం పోతుంది. పదుల సంఖ్యలో విమానాలు ఒకేచోట ఉన్నప్పుడు, ఒకదానిలో చెడిన భాగం ఇంకొకదానిలో చెక్కుచెదరకుండా దొరుకుతుంది. అసలు కిటుకు అదే. రెక్కలు, ఇంజన్లు మార్చుకోదగ్గ భాగాలుగానే వచ్చేవి కనుక ఈ పద్ధతి పారింది.

అయితే భాగాలు దొరికితే చాలదు, బిగించే చేతులు కావాలి. 1943 నుంచి యుద్ధం ముగిసేవరకూ హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌వారి బెంగళూరు కర్మాగారాన్ని అమెరికన్ వాయుసేనే నడిపి, తన విమానాలకు అక్కడ ఓవర్‌హాల్ (విప్పి చేసే పూర్తి మరమ్మతు) చేయించింది. మన ఫిట్టర్లకు అమెరికన్ ఇంజన్ల మీద చేయి తిరిగింది అక్కడే. చాలా వ్యాసాలు ఈ సంగతిని వదిలేసి అంతా ఏదో అద్భుతం అన్నట్టు రాస్తాయి, నాకది నచ్చదు. కాన్పూర్‌లో ఎగరడానికి సరిపడా మాత్రమే మరమ్మతు చేసి, పూర్తి పని బెంగళూరులో చేశారు. మధ్యలోని సుమారు 1,500 కిలోమీటర్లు (పటంలో నేరుగా గీత గీస్తే హైదరాబాద్ మీదుగానే పోతుంది) వాటిని నడిపి తెచ్చినవారు సంస్థ ప్రధాన టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ. ఆయన అంతకుముందు లిబరేటర్ నడిపినవారు కాదు. సగం మరమ్మతైన విమానంలో, జానెడు వెడల్పు నడవ కింద దుకాణం షట్టరులా పక్కలకు జారే బాంబు తలుపులతో, ఆ పని ఒకసారి కాదు, పదేపదే చేశారు. 1948 నవంబరులో ఈ విమానాలతోనే మన వాయుసేన 5వ స్క్వాడ్రన్ ఏర్పడింది. తరువాత 6వ స్క్వాడ్రన్ వాటిని సముద్ర నిఘాకు 1968 దాకా వాడింది.

గోదారిగట్టు:
ఇద్దరికీ ధన్యవాదాలు. 1968 తరువాత కె.హెచ్.191 ఏమైంది?

పాతరెక్కలు:
బెంగళూరులో 13 ఏళ్లు ఎండకూ వానకూ పడి ఉంది. 1981లో ఒక బ్రిటిష్ సేకర్త కొని, విడదీయించి, సరకు విమానంలో ఇంగ్లండ్ చేర్చాడు. 1984లో పాత విమానాలను కాపాడే అమెరికన్ సంస్థ కాలింగ్స్ ఫౌండేషన్ వారి చేతికి వెళ్లింది. 4 లక్షలకు పైగా రివెట్లు మార్చాక 1989 ఆగస్టులో మళ్లీ ఎగిరింది. 2005 నుంచి దాని ముక్కు మీద ‘విచ్‌క్రాఫ్ట్’ అని ఉంది. అది ఇంగ్లండ్ నుంచి 130 దాడులకు వెళ్లిన వేరే లిబరేటర్ పేరు. గౌరవార్థం పెట్టుకున్నారు, తప్పుపట్టలేం. కానీ ఈ విమానాన్ని ఇరవై ఏళ్లు వాడుకున్నదీ, వాడుకోవడంవల్లే తుక్కు కాకుండా కాపాడిందీ మన వాయుసేన. ఆ జాడ రంగులో ఎక్కడా కనబడదు.

స్పానర్_పట్టినవాడు:
ఆ మాటకొస్తే అమెరికాలోని టూసాన్‌లో, కెనడాలోని ఆటవాలో ఉన్న లిబరేటర్లు కూడా మన వాయుసేన నుంచి వెళ్లినవే. తూర్పు యుద్ధరంగంలో వేసిన రంగులలోనే చూడాలంటే లండన్‌లోని ఆర్.ఎ.ఎఫ్. (బ్రిటిష్ వాయుసేన) మ్యూజియంలో కె.ఎన్.751 ఉంది. హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవులలో బ్రిటిష్ 99వ స్క్వాడ్రన్‌తో పనిచేసి, ఆపైన మన దగ్గర హెచ్.ఇ.807గా సేవచేసి, 1974లో ఇంగ్లండు చేరింది. మ్యూజియంవారు దానికి అరువు పేరు పెట్టలేదు.