పాయా అంటే కాళ్లేనా? ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది?

ప్రశ్న – గోదారి అమ్మాయి
మాది కాకినాడ వైపు, పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చాను. మా ఇంట్లో మేక కాళ్లని కాళ్లనే అంటాం, కాళ్ల పులుసు, కాళ్ల సూపు, అంతే. ఇక్కడ మా అత్తయ్య, మటన్ కొట్టతను, హోటల్ బోర్డు, అందరికీ అది పాయా. మొదటిసారి అత్తయ్య "పాయా తెప్పించా, కాల్చి గీకాలి" అంటే నాకు జడపాయ, గోదారి పాయ తప్ప ఇంకేం తట్టలేదు. మేక కాలు కూడా కింద రెండుగా చీలి ఉంటుంది కదా, అందుకే పాయ అన్నారేమో అనుకున్నా. కరెక్టేనా? తెలిసినవాళ్లు కొంచెం చెప్పరూ.

పాతబస్తీ
కాదండీ, ఇది ఉర్దూలోంచి వచ్చింది, ఉర్దూకి ఫార్సీ నుంచి. ఫార్సీలో పాయ్ అంటే కాలు. మంచం కోడుని కూడా మేం పాయా అనే అంటాం. పైజామా ఉంది చూడండి, అదీ ఇదే, పాయ్ అంటే కాలు, జామా అంటే బట్ట. మీ హాల్లో టీపాయ్ ఉంటే అదీ ఇదే, టీ తాగడానికి పెట్టుకునేది కాబట్టి ఆ పేరనుకుంటారు అందరూ, అసలు మాట హిందీలో తిపాయీ, మూడు కాళ్లది అని. మన ముక్కాలిపీటే! పాయా పొద్దున్నే నహారీ అనే మాంసం పులుసుతో తినాలి, నహార్ అంటే అరబ్బీలో పగలు, రాత్రంతా సన్న సెగ మీద ఉడికి తెల్లారేసరికి కాళ్లలో జిగురంతా రసంలోకి దిగి పెదాలు అంటుకుంటాయి, దాంట్లోకి వేడి నాన్ ముంచుకుని తింటుంటే ఇంక మాటలుండవు.

తెలుగు మాస్టారు
అమ్మా, నీ ఊహ బాగుంది గానీ ఆ పాయ వేరు. అది అచ్చంగా మనదే. పాయు అంటే విడిపోవడం, ఎడబాయడంలో ఉన్నది అదే. ధవళేశ్వరం దిగాక గోదారి గౌతమి, వశిష్ఠ అని విడిపోతుంది కాబట్టి అవి పాయలు. వినడానికి ఒకేలా ఉన్నాయి తప్ప చుట్టరికం లేదు.

కొత్త మెంబర్
మరి ఫార్సీ పాయ్ మన పాదం నుంచే పుట్టిందా సార్?

తెలుగు మాస్టారు
దాన్నుంచి పుట్టింది కాదు బాబూ, సంస్కృతం, ఫార్సీ రెండూ ఒకే మూలభాష నుంచి వచ్చాయి, పాదం, పాయ్ అక్కచెల్లెళ్లు అనుకో. నాకు వీటన్నిటికంటే ఇష్టమైనది పావు. పావుకిలో అంటామే, ఆ పావు కూడా పాదమే, హిందీ మీదుగా వచ్చింది. పశువుకి నాలుగు కాళ్లు, అందులో ఒక కాలు అంటే నాలుగో వంతు. పద్యానికి నాలుగు పాదాలు, నక్షత్రానికి నాలుగు పాదాలు, కలియుగంలో ధర్మం ఒంటికాలి మీద నడుస్తుందంటారే, అన్నిట్లోనూ లెక్క ఆ నాలుగు కాళ్లదే. ఎన్నేళ్లు పాఠం చెప్పినా ఈ మాట దగ్గరకొచ్చేసరికి నాకు సంతోషంగానే ఉంటుంది.

ఎడ్లబండి
కాళ్ల సంగతి సరే, కాలి కింద ఉండేదానికి మన మాటలు కూడా రాయండి ఎవరన్నా, పోతున్నాయి అవి. మా ఊళ్లో గుర్రానికైతే డెక్క, ఎద్దుకీ మేకకీ గిట్ట. మా తాతయ్య గొరిజ అనేవాడు, కన్నడలో గొరసు అంటే కూడా అదేనంట. గుర్రానిది చీలని డెక్క, కాలికి ఒకటే లాడం. ఎద్దు గిట్ట రెండుగా ఉంటుంది కాబట్టి లాడం కూడా రెండు ముక్కలు కొట్టాలి, చిన్నప్పుడు ఎద్దుని తాళ్లేసి పడుకోబెట్టి కొడుతుంటే దానికి నొప్పేమో అని ఏడ్చేవాణ్ణి, గిట్ట అంచు మన గోరు లాంటిదేరా అని తాతయ్య చెప్పేదాకా. కాలవల్లో పట్టే గుర్రపుడెక్క కూడా ఈ డెక్క పేరే, ఆకు చూడండి అలాగే ఉంటుంది.

గోదారి అమ్మాయి
మా ఊరి కాలవ నిండా గుర్రపుడెక్కే, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా దాని పేరు గురించి ఆలోచించలేదు. అందరికీ చాలా థ్యాంక్స్ అండి. పావు సంగతి అత్తయ్యకి చెప్తే ఆవిడ వెంటనే "అయితే నాలుగు పాయాలు కలిస్తే ఒక మేక" అంది. ఆదివారం మళ్లీ వండుతున్నాం, ఈసారి గీకడం నేనే.