హాలోవీన్‌ రోజు ‘థ్రెనడీ’ వేయొచ్చా?

గుమ్మందీపం: అక్టోబర్ 31 సాయంత్రం చాక్లెట్ల కోసం వచ్చే పిల్లల్ని కాస్త భయపెట్టాలని గుమ్మం దగ్గర స్పీకర్ పెట్టి వెస్ట్రన్ క్లాసికల్ వేస్తుంటాం. సెన్-సాన్స్ ‘డాన్స్ మకాబ్ర్’ (అర్ధరాత్రి లేచిన అస్థిపంజరాల ఆట), ముసోర్గ్‌స్కీ ‘నైట్ ఆన్ బాల్డ్ మౌంటెన్’ ఎలాగూ ఉంటాయి. ఈసారి పోలండ్ స్వరకర్త పెండెరెట్స్కి రాసిన ‘థ్రెనడీ’ (శోకగీతం) కూడా అనుకున్నా. హిరోషిమాలో పోయినవాళ్ల పేరున ఉన్నదాన్ని ఆటకి ఎలా వేస్తారని మా ఆవిడ అడిగింది. మీరేమంటారు?

కమాను: వేయండి. 1960లో రాసినప్పుడు దాని పేరు 8 నిమిషాల 37 సెకన్లు, అంటే నిడివే పేరు. హిరోషిమా తర్వాత వచ్చింది. 52 తంత్రీవాద్యాలు, తీగల్ని ఎత్తిపట్టే బ్రిడ్జికి అవతలి వైపు బో (కమాను) లాగడం, వాద్యం పెట్టె మీద తట్టడం. ఒళ్లు జలదరించేది ఆ శబ్దానికే.

రాగమాలిక: పేరు మార్చింది ఎవరో కాదు కదండీ, ఆయనే. వాయిస్తే విన్నాకే మార్చారు. 1945 ఆగస్టు 6న పోయినవాళ్లలో మీ గుమ్మానికి వచ్చే వయసు పిల్లలు ఎంతమందో! నాకైతే చేతులు రావు. భయమే కావాలంటే ‘డాన్స్ మకాబ్ర్’ చాలదా? అర్ధరాత్రి అయిందని హార్ప్ ఒకే స్వరాన్ని పన్నెండు సార్లు మీటుతుంది. వయొలిన్ సన్న తీగని అర్ధస్వరం దించి శ్రుతి చేస్తారు, అందుకే మొదటి పట్టులోనే ఏదో తేడాగా వినిపిస్తుంది. ఎముకల చప్పుడుకి జైలోఫోన్ (చెక్క పలకల మీద కొట్టే వాద్యం). చివర్లో ఓబో అనే ఊదే వాద్యం కోడికూత కూయగానే అస్థిపంజరాలన్నీ మాయం. పిల్లలకి కథలా చెప్పొచ్చు.

కమాను: రాగమాలిక గారూ, అందులోనే ‘డియెస్ ఇరే’ వాల్ట్జ్ నడకలో వస్తుంది. అది చనిపోయినవాళ్ల కోసం చర్చిలో పాడే కీర్తన. 1830లో స్వరకర్త బెర్లియోజ్ కూడా దాన్ని మంత్రగత్తెల ఆటలో కలిపాడు. అది తప్పు కానప్పుడు ఇదెలా తప్పు?

రాగమాలిక: మంచి ప్రశ్న. ఆ కీర్తన అందరి చావుదీ, ఫలానా ఇంటిది కాదు. హిరోషిమా బాధితులు ఇంకా బతికున్నారండీ. ‘థ్రెనడీ’ వినొద్దనడం లేదు, కూర్చుని మొదటినుంచి చివరిదాకా వినమంటున్నాను. గుమ్మం దగ్గర ఎవరైనా పది సెకన్లు విని నవ్వుకుని వెళ్తారు.

గుమ్మందీపం: ఆ పది సెకన్ల మాట తగిలింది. తీసేశాను. పిల్లలంతా వెళ్లాక మేమిద్దరం లోపల వింటాం. ఇంకొకటి చెప్పండి: ముసోర్గ్‌స్కీ 1867లో రాసిన ‘బాల్డ్ మౌంటెన్’ మోటు రూపం వేయనా, రిమ్‌స్కీ-కోర్సకోవ్ 1886లో దిద్దినదా?

కమాను: మోటుదే. రెండోదాని చివర గంటలు మోగి తెల్లవారిపోతుంది, భయం తీరిపోతుంది.