లొల్ల మీదుగా గన్నవరం ఆక్విడెక్టుకు గట్టు దారి: మ్యాపు హైవే వదలడం లేదు, సాయం చేయగలరు

గోదారిగాలి
అందరికీ నమస్కారం. సాయంత్రం ఆరింటికి ఫోను పట్టుకుని కూర్చున్నవాణ్ణి, పదకొండు దాటినా లేవలేదు. వచ్చే ఆదివారం ధవళేశ్వరంలో బయలుదేరి, బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరి, అక్కడి నుంచి కాలువ గట్టు వెంటే లొల్ల లాకులు (పడవలను దాటించే నీటి తలుపులు), ఆపైన నది మీదుగా కాలువను దాటించే పి.గన్నవరం ఆక్విడెక్టు వరకు బైకుల మీద తాపీగా వెళ్లి రావాలని మా ఆలోచన. ఉపగ్రహ చిత్రంలో గట్టు మీద దారి గీత గీసినట్టు కనిపిస్తున్నా, మ్యాపు మాత్రం ఎన్నిసార్లు అడిగినా నన్ను రావులపాలెం హైవే మీదికే తోస్తోంది. వేలితో లాగి గట్టు మీద పెడితే కాసేపు ఉండి మళ్లీ దిగిపోతోంది. దయచేసి ఎవరైనా దారి చెప్పండి, హైవే మాత్రం వద్దు.

చైనుకవరు
సైకిలా, మోటారు సైకిలా? ఎంతమంది వెళుతున్నారు? ఇవి తెలియకుండా దారి చెప్పలేము.

గాలిపంపు
దారి సంగతి తరువాత చూడవచ్చు, ముందు టైర్ల సంగతి తేల్చుకోండి. సన్నటి రోడ్డు టైర్లతో గట్టు మీదికి వెళ్లినవారు మొదటి పంచరు దగ్గరే వెనక్కి వస్తారని అనుభవం మీద చెబుతున్నాను. గట్ల వాలులో సర్కారు తుమ్మ పెరిగిన చోటల్లా ఎండుముళ్లు దుమ్ములో కలిసి ఉంటాయి, అవి కంటికి ఆనవు. 38 మిల్లీమీటర్ల టైరు వేసుకుని, 70 కిలోల మనిషికి 45 పౌన్ల వరకు గాలి పెడితే మట్టి మీద చక్రం ఎగిరిపడదు, ముంజేతులు తిమ్మిరెక్కవు. పంచరు పడితే ట్యూబు మార్చినంత మాత్రాన పని అయిపోయిందనుకోకండి. పాత నూలు గుడ్డ ముక్కతో టైరు లోపలి వైపు చుట్టూ మెల్లగా తుడవాలి, గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ ముల్లు మొన ఉన్నట్టు. వేలితో తడిమితే వేలికే దిగుతుంది. నేను ఒకసారి ఈ పని చేయకుండా తొందరపడి, అరగంటలో అదే చక్రానికి మూడు పంచర్లు వేసుకున్నాను. అతుకు వేసే సామాను, రెండు ట్యూబులు, చిన్న పంపు లేకుండా ఊరు దాటవద్దు.

పలుకుబడి
ఇక్కడ రెండు మాటలు సరిచూసుకోవలసి ఉంది. మన వైపు బైకు అంటే మోటారు బండే, సైకిలును బైకు అనడం ఈమధ్య వచ్చిన అలవాటు. రెండవది, కాలువ గట్టు వేరు, ఏటిగట్టు వేరు. ఏటిగట్టు వరద నుంచి ఊళ్లను కాపాడటానికి నది ఒడ్డున ఎత్తుగా పోసినది. కాలువ గట్టు మీద దారి నిన్నమొన్నటిది కాదు. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన ఈ కాలువలు సాగుకే కాక పడవల రాకపోకలకు కూడా పనికివచ్చాయి, గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ పడవలకు తాళ్లు కట్టి లాగేవారు. అందుకే కాలువ గట్టు మీద ఎక్కుడు దిగుడు ఉండదు, నీటి మట్టం మారేది లాకుల దగ్గరే. ప్రశ్న అడిగినవారు ఏ గట్టు మాట చెబుతున్నారో స్పష్టం చేస్తే మంచిది.

చైనుకవరు
ప్రశ్నలో కాలువ గట్టు అనే రాశారు. చదవండి.

పలుకుబడి
చదివాను. తాము ఉంటున్న చోట ఏటిగట్టును కూడా కాలువ గట్టు అనేవారు చాలామంది ఉన్నారు కాబట్టి అడిగాను. అడగడం తప్పు కాదు.

గోదారిగాలి
అయ్యా, నేను దారి అడిగితే మాటల అర్థాలు వస్తున్నాయి. బైకు అంటే సైకిలే, మా ఇంట్లో మా అమ్మాయి అలాగే అంటుంది కనుక మాకూ అదే అలవాటైంది. నేను, నా మిత్రుడు, మా అమ్మాయి, మొత్తం ముగ్గురం. అమ్మాయికి 11 ఏళ్లు, తన సైకిలుకు గేర్లు లేవు, చక్రాలు చిన్నవి. ఇదంతా దారికి సంబంధించిన విషయం కాదని రాయలేదు.

లాకుపక్కఇల్లు
ఇదే అసలు విషయమండీ. మీరు మ్యాపులో ద్విచక్ర వాహనం గుర్తు నొక్కి ఉంటారు. అది మోటారు సైకిలుకు ఉద్దేశించినది కాబట్టి వేగంగా వెళ్లే తారు రోడ్డునే వెతుక్కుంటుంది, మట్టి గట్టును దారిగా లెక్కపెట్టదు. నడక గుర్తు పెట్టి, బొబ్బర్లంక నుంచి ఒక్కొక్క వంతెననూ మజిలీగా గుర్తించుకుంటూ రండి. కాలువకు ఒక గట్టున తారు, రెండవ గట్టున మట్టి ఉన్న చోట్లు చాలా ఉన్నాయి, తారు ఏ గట్టున ఉంటే వంతెన దగ్గర ఆ గట్టుకు మారిపోవడమే మా పద్ధతి. లాకు తలుపుల మీది సన్నని బల్ల దారిన దాటవలసి వస్తే ఎక్కి తొక్కవద్దు. హ్యాండిలు ఒక పక్కకు పూర్తిగా తిప్పి, సైకిలును మీ ముందు ఉంచి నడిపించండి, అమ్మాయి సైకిలు మీరే దాటించండి.

ఇక గన్నవరం మాట. నది మీదుగా కాలువ పారే ఆ దృశ్యం చూడవలసినదే, కాదనను. కాని రానూపోనూ దాదాపు నూరు కిలోమీటర్లు ఉంటుంది, గేర్లు లేని చిన్న చక్రాల మీద పదకొండేళ్ల పిల్లకు అది విహారం కాదు. లొల్ల దాకా వెళ్లి, లాకుల దగ్గర చెట్ల నీడన కూర్చుని, ఆత్రేయపురంలో పూతరేకులు కొనుక్కుని తిరిగి రండి. అదీ ఎక్కువ అనిపిస్తే బ్యారేజీ దాటకుండా తూర్పు డెల్టా కాలువ పట్టుకుని కడియం వైపు వెళ్లండి, నర్సరీల మధ్య ఎక్కడ అలిసిపోతే అక్కడ ఆగవచ్చు.

బ్యారేజీ మీద మాత్రం తెల్లవారగానే దాటెయ్యండి. 175 గేట్ల పొడవునా వాహనాలు పక్కనుంచే పోతాయి, అమ్మాయిని మీ ఇద్దరి మధ్యలో ఉంచుకోండి. మార్చిలో మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి దక్షిణం నుంచి లేస్తుంది, మీరు పొద్దున్నే కిందికి దిగి మధ్యాహ్నం పైకి తిరిగితే అది వీపు మీద తోస్తుంది. ఆలస్యంగా బయలుదేరినవారికి ఆ గాలే ఎదురు గాలి, చదునైన నేల మీద కూడా కొండ ఎక్కినట్టు ఉంటుంది.

గాలిపంపు
అమ్మాయి సైకిలు టైర్ల వెడల్పు ఎంత? గాలి ఎంత పెడుతున్నారు?

గోదారిగాలి
మోటారు సైకిలు గుర్తే నొక్కి ఉందండీ. నడక పెట్టగానే గీత గట్టు ఎక్కింది, ఒక వంతెన దగ్గర మాత్రం ఇంకా ఊళ్లోకి తిప్పుతోంది, అక్కడికి వెళ్లి చూసుకుంటాను. గన్నవరం మానుకున్నాము, లొల్ల వరకే. ధన్యవాదములు, నిద్ర వస్తోంది.

పలుకుబడి
ఇంతకూ బైకు అన్న మాట వల్లే వచ్చిన చిక్కు కదా ఇది.

చైనుకవరు
గుర్తు మీద ఉన్నది బొమ్మ. మాట కాదు.

గాలిపంపు
టైరు వెడల్పు ఎవరూ చెప్పలేదు.