రొమ్ములో గడ్డ: చిత్తూరు వైపు నుంచి ముందుగా ఎక్కడికి తీసుకువెళ్లాలి?

ప్రశ్న: పొదుపు సంఘం లీడరు, పూతలపట్టు మండలం

మా సంఘంలోని 46 ఏళ్ల సభ్యురాలు ఒకరు తన ఎడమ రొమ్ములో నిమ్మకాయంత గడ్డ ఉందని మొన్న వాయిదా కట్టే రోజున నన్ను పక్కకు పిలిచి చెప్పింది. ఉగాది నాటి నుంచే ఉందట. నొప్పి లేదు కదా అని ఇంతకాలం ఆకు పసరు కట్టుకుంటూ వచ్చింది. ఇప్పుడు గడ్డ మీది చర్మం లోపలికి లాగినట్టు కనిపిస్తోంది. మగ డాక్టరు ముందు రవిక విప్పలేనని ఆమె పట్టుబట్టి కూర్చుంది. దగ్గరలోని నర్సింగ్ హోములో గడ్డ తీయించేస్తే ఒక్క రోజులో పని అయిపోతుందని ఆమె మరిది అంటున్నాడు, వేలూరు తీసుకువెళ్లమని వాళ్ల అక్క అంటోంది, నాకు తిరుపతి మేలనిపిస్తోంది. రేషన్ కార్డు ఉంది, చేతిలో డబ్బు లేదు. ముందుగా ఎక్కడికి, ఏ కాగితాలతో వెళ్లాలో ఈ బాధ పడి వచ్చినవారు చెప్పగలరా?

జవాబు: వదినకు తోడుగా తిరిగినవాడిని, తిరుపతి

అమ్మా, మరిది గారి మాట మాత్రం వినకండి. మా వదినకు మేము సరిగ్గా అదే చేశాం. ఒక చిన్న ఆసుపత్రిలో గడ్డ తీసి, స్టీలు గిన్నెలో తెచ్చి మా అన్నకు చూపించి, పనైపోయిందని చెప్పి, దానిని పరీక్షకు పంపకుండా పారవేశారు. మూడు నెలలకు కుట్టు పక్కనే మళ్లీ గట్టిపడింది. తరువాత వెళ్లిన క్యాన్సర్ డాక్టరు గారు మమ్మల్ని అడిగిన మొదటి మాట, "బ్లాకులు, స్లైడ్లు ఏవి?" అని. తీసిన కండను ఫార్మాలిన్‌లో ఉంచి ల్యాబుకు పంపితే, అక్కడ దానిని మైనంలో పోతపోసి చిన్న దిమ్మెగా భద్రపరుస్తారని, దానినే బ్లాకు అంటారని, దాని నుంచి కోసిన పలుచని పొరను అతికించిన గాజు పలకే స్లైడ్ అని మాకు ఆ రోజు వరకు తెలియదు. మొదటి గడ్డ ఎటువంటిదో, దానిని అంచుల వరకు తీశారో లేదో చెప్పే ఆధారమే మా దగ్గర లేకపోయింది. పరీక్షలన్నీ మొదటి నుంచి మొదలై, రెండో ఆపరేషను కూడా తప్పలేదు.

తిరుపతిలో రెండు చోట్లు ఉన్నాయి. 1993 నుంచి నడుస్తున్న స్విమ్స్ ఆసుపత్రిలో క్యాన్సర్ శస్త్రచికిత్స, మందుల చికిత్స, రేడియేషన్ విభాగాలు మూడూ ఉన్నాయి. అలిపిరి దగ్గర తితిదే ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్టులు కట్టించిన క్యాన్సర్ ఆసుపత్రి 2022లో మొదలైంది. ఏ చోటికి వెళ్లినా ఉదయమే ఓపీ చీటీ తీసుకోండి.

జవాబు: విశ్రాంత స్టాఫ్ నర్సు, చిత్తూరు

పై సోదరుడు చెప్పినది అక్షరాలా నిజం. కత్తి కంటే ముందు సూది పడాలి. మొదట డాక్టరు చేత్తో చూస్తారు, ఆ వయసుకు మామోగ్రామ్ అనే రొమ్ము ఎక్స్‌రే, దానితోపాటు స్కానింగ్ చేస్తారు, ఆ తరువాత కోర్ బయాప్సీ చేస్తారు. అక్కడ మాత్రమే మత్తు సూది వేసి, కాస్త లావు సూదితో సన్నని దారపు ముక్కల్లాంటి కండను నాలుగైదు చోట్ల నుంచి తీస్తారు. సూది తగిలితే జబ్బు ఒళ్లంతా పాకుతుందని ఊళ్లలో అనుకునే మాట ఒట్టి భయమే. ఆ ముక్కల్లో క్యాన్సర్ కనిపిస్తే, వాటి మీదనే ఈఆర్, పీఆర్, హెర్-2 అనే పరీక్షలు చేసి, ఆపరేషను ముందా, కీమో ముందా, హార్మోను మాత్రలు పనికివస్తాయా అన్నది నిర్ణయిస్తారు. రొమ్మంతా తీసివేయడమే దారి అని కూడా అనుకోవద్దని చెప్పండి. గడ్డ పరిమాణాన్ని బట్టి రొమ్మును నిలిపే ఆపరేషన్లు చాలాకాలంగా జరుగుతున్నాయి.

సిగ్గు సంగతికి వస్తే, లేడీ డాక్టరు చూడాలని చీటీ రాసే దగ్గరే అడగవచ్చు. లేనప్పుడు పక్కన నర్సు ఉండాలని కోరడం ఆమె హక్కు. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో తెర వెనక్కి వచ్చాక మొండికేసినవారు ఇద్దరో ముగ్గురో. మిగిలినవారందరి భయమూ గడప దాటే వరకే.

ఆధార్, రేషన్ కార్డు, వాటి జిరాక్సులు పెట్టుకోండి. ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటరులో, మనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటున్నాం లెండి, రోగులకు సాయం చేసే వైద్యమిత్ర కూర్చుంటారు. అనుమతి రావడానికి బయాప్సీ రిపోర్టు కావాలి కనుక, దానికి ముందు చేసే పరీక్షలకు కొంత చేతి డబ్బు పడవచ్చు; సంఘం నుంచి అప్పు ఇస్తే దానికే ఇవ్వండి. కీమో సాధారణంగా మూడు వారాలకొకసారి కాబట్టి ఇంటి నుంచి తిరగవచ్చు గానీ, రేడియేషన్ వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు ఉంటుంది, అప్పటికి తిరుపతిలో తలదాచుకునే చోటు చూసుకోవాలి.

జవాబు: గుడిపాల

మాకు తిరుపతి కంటే వేలూరే దగ్గర కనుక అమ్మను అక్కడి సీఎంసీ ఆసుపత్రిలో చూపించాం. వైద్యానికి వంక పెట్టలేం. అయితే అది తమిళనాడు కాబట్టి, మన కార్డు అక్కడ ఈ చికిత్సకు చెల్లుతుందో లేదో బయలుదేరక ముందే ఆరోగ్య సమాచారం చెప్పే 104 నంబరుకు ఫోను చేసి కనుక్కోండి. ఆడవారికి ఉచిత బస్సు ప్రయాణం కూడా రాష్ట్రం సరిహద్దు వరకే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ నమస్కారం. సోమవారం తెల్లవారుజామున తిరుపతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లి వచ్చాం. ఆధార్ చూపిస్తే ఇద్దరికీ సున్నా టికెట్టు కొట్టారు. లేడీ డాక్టరే చూశారు. కట్టు విప్పేసరికి పసరు మరక చర్మానికి పట్టి ఉంది, దానిని దూదితో తుడుస్తూ ఆవిడ ఒక్క మాట కూడా కోప్పడలేదు. మామోగ్రామ్, స్కానింగ్, బయాప్సీ మూడూ అయ్యాయి. రిపోర్టు వచ్చే వారం ఇస్తామన్నారు. నేను బ్లాకుల సంగతి అడిగితే, "ఇవన్నీ మీకెవరు చెప్పారమ్మా?" అని ల్యాబు అబ్బాయి ఆశ్చర్యపోయాడు. కాగితాలన్నీ మా సంఘం మినిట్స్ ఫైలులో పెట్టి నా దగ్గరే ఉంచాను. మరిది ఇంకా మాట్లాడటం లేదు.